కొంగుముడిలో రొక్కం

మొన్న ఈ బెంగాలీ రైల్వే ఊరి గోల్‌బజార్‌లో చేపలు తూయించుకుని కొంగుముడి విప్పబోతుంటే, అమ్మేవాడు ఫోన్‌తో డబ్బు కొట్టే గళ్ళ బొమ్మ అట్టను ముందుకు తోసి, "క్యాష్ అయితే చిల్లర లేదు మాసీ" అన్నాడు. నాకేమో ఆ ఫోన్ విద్య రాదు. ఖాళీ సంచితో మలంచా ఆటో ఎక్కి ఇంటికొచ్చి కాళ్ళు చాపుకునేసరికి, మా ఇంట్లో ఇప్పుడెవరూ పలకని ఆ మాట గుర్తొచ్చింది, రొక్కం.

మా అమ్మకు రొక్కమంటే అన్ని డబ్బులూ కాదు. నాన్న జీతం ఇంటికి రాకముందే కిరాణా కొట్టుకూ బడికీ చెందిపోయేది కాబట్టి అది రొక్కం కాదు, మెడలో పుస్తెలు అసలే కాదు. చేయి పెడితే అందేది, ఎవరినీ అడగకుండా తీసేది, అదే రొక్కం.

ఒక నెలాఖరున, అమ్మమ్మ మంచం పట్టిందనీ, కన్నుమూసేలోగా కూతుర్ని చూడాలంటోందనీ ఊరినుంచి వచ్చినాయన కబురు చెప్పాడు. నాన్న ఆ పూటే రైలు పాసు రాయించుకొచ్చి చేతిలో పెడితే, అమ్మ ఏడుపులోనే కసిరింది. "పాసుంటే సరిపోద్దేటి? రైలు దిగినాక మా ఊరిదాకా పట్టాలేసినారేటి మీ రైల్వేవోళ్ళు?"

నిజమే, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగాక బస్సెక్కాలి, ఆపైన ఏరు దాటే పడవ, రెండింటికీ రొక్కమే కావాలి. మా రైల్వే క్వార్టర్ల లైనులో పాసు లేని ఇల్లు లేదు, నెలాఖరున రొక్కమున్న ఇల్లూ లేదు. అమ్మ గడపలో కూలబడిపోయింది.

అప్పుడే చేపల గంపతో బెంగాలీ దీదీ వచ్చింది. ఏనాడూ అరువివ్వదని అమ్మ రోజూ తిట్టే మనిషే. సంగతి విని గంప దించి, కొంగుముడి విప్పి, ఉన్నదంతా అమ్మ ఒళ్ళో పోసి, తనకొచ్చిన తెలుగులో, "ఎల్లు దీదీ, అమ్మని సూడు, బేరం రేపు ఆడు" అంది.

అమ్మమ్మ చివరి గంజి మా అమ్మ చేతి మీదుగానే తాగింది.

అప్పట్నుంచి అమ్మ కొంగున ఒక ముడి ఎప్పుడూ ఉండేది, ఊరికెళ్ళడానికే తప్ప విప్పేది కాదు. ఆమె తర్వాత ఆ అలవాటు నాకొచ్చింది. బజారు ముడి ఒక పక్క, ఊరి ముడి ఒక పక్క. ఇప్పుడు ఆ ఏటి మీద వంతెన పడిందట. రొక్కమూ నా కొంగునే ఉంది. రమ్మని కబురు పెట్టేవాళ్ళే ఆ ఒడ్డున ఎవరూ మిగల్లేదు.