బాల్కనీ ఉన్న గది

2004 మార్చిలో, విజయవాడ స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కన కూర్చున్న ఒకావిడ సింగపూర్ నుంచి విహారయాత్రకి వెళ్ళే ఓడలోని గదుల బొమ్మలున్న కాగితం నాకు చూపించింది. పేరు నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఎదురుగా చక్రాల కుర్చీలో ఆవిడ భర్త ఉన్నారు. పక్షవాతంతో ఆయనకు ఒక పక్క, దాంతోపాటు మాట పడిపోయాయి.

“బాల్కనీ ఉన్న గదే తీసుకుంటున్నానండీ,” అంది.

“ఆయన తనంతట తాను లేవలేరు కదా! కిటికీ లేని గది చాలు. సగానికి సగం మిగులుతుంది,” అన్నాను. లెక్క చూడకుండా నేనుండలేను.

“వన్‌టౌన్‌లో మాది మేడ ఇల్లండీ. నన్ను బజారంతా చూస్తుందని ఈయన బాల్కనీకి తాళమేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని మా కొట్టుకి వెళ్ళేవారు. ముప్పయ్యేళ్ళు!”

“మరి ఓడలో ఈయన్నీ బయట కూర్చోబెడతారా?”

“అమ్మో, జలుబు చెయ్యదూ? నేను కూర్చుంటాను. మధ్యలో తలుపు అద్దందేనట. వేసేసినా, ఈయన లోపల పడుకుని నన్ను చూస్తూ ఉండొచ్చు.”

ఆయన మెడ నరాలు బిగిశాయి. గొంతులోంచి పెద్ద మూలుగు వచ్చింది. బాగున్న చెయ్యి కాగితం మీదికి పాకింది. ఆవిడ ఆ చేతిని తీసి ఆయన ఒళ్ళోనే పెట్టి, మూతి మీద చొంగ పమిటతో మెత్తగా తుడిచింది.

“చూశారా, తొందరగా ఖాయం చెయ్యమంటున్నారు,” అంది నాతో.