టాలెంట్ ఉన్న పిల్ల

ఇప్పుడు ఎవ్వరి నోట్ల చూసినా టాలెంటే. ఫోన్ల రెండు స్టెప్పులేసిన పిల్లకు టాలెంట్, అచ్చంపేటల లీడర్ ఎనక జెండా పట్టుకొని ఉరికినోనికి టాలెంట్. వింటే నాకు ఒళ్లు మండుతది. గా మాట నాకు బడిల సారు నేర్పలే, మేము కైకిలికి, దినాం కూలికి పోయే చేను ఆసామి నేర్పిండు.

గద్వాల దిక్కు పత్తి విత్తనం చేన్లల్ల క్రాసింగ్ పని ఉంటది. మాపటికి మొగ్గలను గోటితోని వలిచి పెట్టి, తెల్లారి వాటికి వేరే చెట్టు పువ్వు తెచ్చి రుద్దాలె. చెట్టు నడుము దాంకనే ఉంటది. పెద్దోళ్లు వంగి వంగి సచ్చిపోతరు, పిల్లలకు వంగే పనే లేదు. ఆసామికి కావాల్సింది గంతే. కాని ఆయన గట్ల చెప్తడా? "నీ బిడ్డకు టాలెంట్ ఉందే, దాని చెయ్యి పడితే కాయ నిలుస్తది" అన్నడు మా అమ్మతోని. పాపం మా అమ్మ! కైకిలిదాన్ని మెచ్చుకునేటోళ్లు ఎవరుంటరు? వాడకట్టంత చెప్పుకుంట తిరిగింది. నా బడి గక్కడికే బందైంది. ఆసామి కొడుక్కు కూడ టాలెంట్ ఉండెనంట, గని వాన్ని మాత్రం హైదరాబాద్‌ల కాలేజీకి తోలిండు. సిగ్గుండాలె మనిషికి!

రెండేండ్లకు నేను పొడుగైన. వంగితే నడుము పట్టేస్తుండె, పని సాగకపోతుండె. ఒకనాడు పొద్దుగాల ఆసామి మా వాకిట్ల బండి ఆపిండు. నా దిక్కు చూడనే లేదు. బడికి పోనీకె సంచి తగిలించుకుంటున్న మా చెల్లెను కిందికెల్లి మీది దాంక చూసిండు.

"గీ చిన్నదానికి అక్క కంటె టాలెంట్ ఎక్కువున్నట్టుందే" అన్నడు. అమ్మ మొఖం మళ్ల వెలిగింది. థూ, ఏం మాటరా అది, మా ఇంట్ల ఒక్కొక్క పిల్లనే మింగుకుంట వస్తుండె!

చెల్లె రెక్క పట్టి వాకిలి దాటిచ్చి, "ఉరుకు" అన్న. మళ్లొచ్చి ఆయన బండికి అడ్డం నిలవడ్డ.

"మా చెల్లెకు గసుంటి టాలెంట్ ఏం లేదు పటేలా. దానికి చదువొక్కటే వస్తది."

అమ్మ నా చెంప పగలగొట్టింది. కొట్టనీ. చెల్లె అప్పటికే బడి మలుపు తిరిగింది.