వరసలు కలుపుకున్న నాయకులు

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి, పేపరు మొహం మీద కప్పుకుని ఓ కునుకు తీద్దామనుకుంటున్న వేళ, నేను ఉద్యోగం చేసి రిటైరైన శిక్షణ కేంద్రం నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మనవరాలి వయసుంటుంది, మాట మాత్రం మహా అధికారంగా ఉంది. పల్లెటూళ్ల నాయకులకు శిక్షణ ఇచ్చి ఊరుకోకుండా, ఇళ్లకు వెళ్లిపోయినవాళ్లందరినీ ఒక నెట్‌వర్క్‌గా నిలబెట్టారట కదా, అదెలా కట్టారో మా కొత్త సిబ్బందికి ఆన్‌లైన్‌లో కాసేపు చెప్పాలి అంది. సరేనన్నాను. మనల్ని ఎవరైనా ఏదైనా చెప్పమని అడిగి ఎన్నాళ్లయింది కనుక! ఫోన్ పెట్టేశాక కూర్చుని ఆలోచిస్తే, చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదని తేలింది. అది నేను కట్టానో, దానంతటదే కట్టుకుందో, అసలు నేను అడ్డం పడ్డా నిలబడిందో నాకే తెలియదు. అప్పటినుంచి తల గోక్కుంటూ తిరుగుతున్నాను. మా ఆవిడ రెండు రోజులు చూసి, పేలు పడ్డాయా అని అడిగింది.

మా కేంద్రం పెద్దపల్లి దాటాక వరిపొలాల మధ్య ఉండేది. రెండు రేకుల షెడ్లు, ఒక బోరింగు, ఎవరు ఎప్పుడు నాటారో తెలియని నాలుగు వేపచెట్లు. ఇటు కరీంనగర్ పల్లెల నుంచి, అటు గోదావరి దాటి ఆదిలాబాద్ నుంచి వచ్చేవాళ్లు: మహిళా సంఘాల లీడర్లు, వార్డు మెంబర్లు, అప్పుడే గెలిచి ఇంకా సంతకం కుదరని సర్పంచులు. వారం రోజులు ఉండేవాళ్లు. గ్రామసభ ఎలా పెట్టాలి, అధికారి ముందు కూర్చుని ఎలా మాట్లాడాలి, ఇలాంటివే మేం చెప్పేది. ఆదిలాబాద్ వాళ్ల మాటలో మరాఠీ పలుకు దొర్లితే కరీంనగర్ వాళ్లు నవ్వేవాళ్లు, మూడో రోజుకల్లా వీళ్లూ అలాగే మాట్లాడేవాళ్లు.

ఇప్పుడు చెప్పబోయేది మా పాఠాల్లో లేనిది. వచ్చిన మొదటి సాయంత్రం అన్నాలు తిని వరండాలో చాపలు పరచుకున్నాక, వాళ్లలో వాళ్లు వరసలు కలుపుకునేవాళ్లు. మీదే ఊరు, మీ అవ్వగారిదే ఊరు, మా మేనత్తను ఇచ్చింది ఆ పక్కూరికే గదా, అయితే నువ్వు నాకు వదినవవుతావు, అని మొదలయ్యేది. ఏ చుట్టరికమూ తగలకపోతే వయసు చూసి అక్క, చెల్లె, తమ్ముడు అని పెట్టేసుకునేవాళ్లు. ఆ తర్వాత పేర్లు పెట్టి పిలుచుకోవడం ఉండేది కాదు. వాళ్ల పేర్లు అడిగితే ఈనాటికీ నేను చెప్పలేను. కరీంనగర్ బావ, బాసర వదిన, గోదారవతలి అక్క, ఇవే గుర్తు. మమ్మల్ని మాత్రం ఎవరూ ఏ వరసలోకీ లాగలేదు. మేం సార్లం. అది గౌరవమే అనుకుని సంతోషించాను.

ఒకనాడు మా పెద్దసారు పిలిచి, ఇంతమందికి నేర్పి పంపిస్తున్నాం, గేటు దాటాక ఎవరు ఎక్కడున్నారో మనకు తెలియదు, వీళ్లందరినీ కలిపి చురుకైన పూర్వ విద్యార్థుల సంఘం ఒకటి తయారుచెయ్యి అన్నారు. ఉత్సాహం వచ్చింది నాకు. నియమావళి రాశాను, రబ్బరు స్టాంపు చేయించాను, కరీంనగర్‌లో బ్యానరు కొట్టించాను. మొదటి సమావేశం రోజు మైకు పట్టుకుని, మన తెలుగు సభల ఆచారం ప్రకారం, ఒక్కొక్కరినే వేదిక మీదికి ఆహ్వానించడం మొదలుపెట్టాను. సర్పంచును పిలిస్తే వార్డు మెంబరు మొహం మాడుతుంది, మండల సమాఖ్య అధ్యక్షురాలిని పిలిచి గ్రామ సంఘం అధ్యక్షురాలిని పిలవకపోతే ఆమె చెప్పులు తొడుక్కుంటుంది. పిలుస్తూ పోయాను. కాసేపటికి తలెత్తి చూస్తే అందరూ వేదిక మీదే ఉన్నారు, కింద నేనూ టీ తెచ్చినతనూ మాత్రమే ఉన్నాం. నాయకుల సంఘం పెడితే సభ్యులు ఎక్కణ్ణుంచి వస్తారన్నది నాకు తట్టలేదు. స్వాగతోపన్యాసం ఆ టీ అతనికే ఇచ్చాను.

తర్వాత ఎన్నికలు పెట్టాను. అది ఇంకా ఘోరం. అధ్యక్ష పదవికి నిలబడ్డ ఇద్దరూ అంతకుముందు బావా బామ్మర్ది అనుకున్నవాళ్లే, ఓట్లు లెక్కపెట్టేసరికి మాటల్లేవు. బావా అని పిలిచిన నోటితోనే అధ్యక్షులు గారూ అని బిగుసుకుని పిలవడం మొదలైంది. సమావేశం సమావేశానికీ జనం పలచబడ్డారు. రానివాళ్లకు కార్డు రాస్తే జవాబుండదు, ఊరికి కబురు పెడితే నాట్లున్నాయనేవాళ్లు. పెద్దసారుకు ఏం చెప్పాలో తెలియక అంతా పురోగతిలో ఉందని చెబుతూ వచ్చాను. ఆ మాట కనిపెట్టినవాళ్లకు దండం పెట్టాలి.

అప్పుడు వచ్చింది గోదారవతలి అక్క సంగతి. ఊరి పేరెందుకులెండి, మంచిర్యాల నుంచి ఇంకా లోపలికి వెళ్లాలి, పత్తిచేల ఊరు. సన్నగా, గట్టిగా మాట్లాడే మనిషి, సంఘం లీడరు. ఆ ఊళ్లో మందు అమ్ముకునే హక్కును ఊరి కమిటీ ఏటా వేలం వేసేది. ఆ ఏడు ఆడవాళ్లను కూడగట్టి ఆమె ఆ పాట జరగనివ్వలేదు. కమిటీవాళ్లు పట్టరాని కోపంతో ఊళ్లో చాటింపు వేయించారు: ఆ ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు, కిరాణంలో సరుకివ్వకూడదు, వాళ్ల చేనికి కూలికి పోకూడదు, కాదన్నవాళ్లకు జుర్మానా. మన ప్రాంతంలో ఈ కట్టుబాటు ఎంత గట్టిదో నా వయసువాళ్లకు చెప్పక్కర్లేదు. ఆమె వెంట నడిచిన ఆడవాళ్లే తలుపులు వేసుకున్నారు. సరిగ్గా పత్తి పగిలే కాలం. చేను తెల్లగా విచ్చుకుని ఉంది, ఏరేవాళ్లు లేరు, వానొస్తే మొత్తం నల్లబడి పోతుంది. పంట పోతే ఊరొదిలి మంచిర్యాలకు బతకపోదామని ఆమె పెనిమిటి పట్టుబట్టాడు.

ఎవరి ఫోను నుంచి చేసిందో, ఆమె మా ఆఫీసుకు ఫోన్ చేసింది. "ఉపాసమన్న ఉంట సార్, గని ఎవ్వలు మాట్లాడకుంటె పానం ఆగుతలేదు. పొయ్యి కాడ నేనే ముచ్చట వెట్టుకుంటున్న. మా ఆయన మూట గట్టుమంటుండు" అంది. ధైర్యంగా ఉండమ్మా, మన సంఘం తరపున అత్యవసర సమావేశం పెట్టి తీర్మానం చేస్తాం అన్నాను. ఆమె మంచిది సార్ అని పెట్టేసింది. ఆ మంచిది సార్ ఇప్పటికీ చెవిలో గుచ్చుకుంటూనే ఉంది.

కార్యవర్గం మొత్తానికి కబురు పెట్టాను. సమావేశం రోజు కుర్చీలు వేయించి, తీర్మానం కాపీలు తీయించి కూర్చున్నాను. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. అధ్యక్షుడు రాలేదు, ఓడిపోయినవాడూ రాలేదు, ఏ పిలుపుకైనా అందరికన్నా ముందొచ్చే బాసర వదిన కూడా రాలేదు. టీ చల్లారిపోయింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వీళ్ల కోసమా ఇంత చేశాను, ఒక ఆడమనిషి ఊరొదిలే పరిస్థితి వస్తే కనీసం వచ్చి కూర్చోలేరా అని ఖాళీ కుర్చీలనే తిట్టాను. మర్నాడు పొద్దున్నే బయలుదేరాను, ఎవరూ రాలేదమ్మా, క్షమించు అని ఆమెకు మొహం చూపించి చెబుదామని.

మంచిర్యాలలో బస్సు దిగి, ఇంకో బస్సెక్కి, అక్కణ్ణుంచి ఒక ట్రాక్టరు పట్టుకుని ఆ ఊరు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఇంటికి తాళం ఉంది. వెళ్లిపోయారనే అనుకున్నాను. దారినపోయే మనిషిని అడిగితే నోరు విప్పకుండా చేనివైపు గడ్డం చూపించాడు. వెళ్లి చూస్తే పత్తిచేను నిండా జనం. నడుములకు పత్తి వేసుకునే గుడ్డ ఒడులు కట్టుకుని వరసగా వంగి ఏరుతున్నారు. ముందు వరసలో బాసర వదిన. ఆ వెనక మా అధ్యక్షుడు, అతని పక్క సాలులోనే ఓడిపోయిన అతను. పెద్దపల్లి నుంచి ఇద్దరు, నేను పేరుకు మాత్రమే సభ్యుడిగా రాసుకున్న ఒక ముసలి వార్డు మెంబరు, గోదారవతలి అక్క, ఆమె పెనిమిటి. నన్ను చూసి వదిన నడుం పట్టుకుని లేచి, "మీటింగుకు రాలేకపోయినం సార్, ఏమనుకోకు. గీడ చెల్లె పరేషాన్ల ఉన్నదాయె" అంది. చేతిలో తీర్మానం కాపీలున్నాయి నాకు. ఏం చేయాలో తోచక వాటిని సంచిలో కుక్కి, నేనూ సాలు పట్టాను. పత్తికాయల ముళ్లు ఎలా గీరుకుంటాయో ఆ రోజే తెలిసింది.

పొద్దు వాలుతుండగా కమిటీ పెద్దమనిషి మరో ఇద్దర్ని వెంటేసుకుని వచ్చి, ఎవ్వలు మీరు, ఎవ్వలనడిగి వచ్చిండ్రు అని గద్దించాడు. నేను చట్టం గురించి చెబుదామని గొంతు సవరించుకుంటున్నాను. ఈలోపే వదిన పత్తి ఒడి పట్టుకుని ముందుకు నడిచి, "మా చెల్లె ఇంటికొచ్చినం బాపు. చెల్లె ఇంటికి పోనీకి గూడ ఎవ్వలనన్న అడుగుతరా?" అంది. ఊరివాళ్లు మాట్లాడొద్దని కట్టుబాటు చేయగలరు, చుట్టాలు రావద్దని ఏ ఊరూ ఎన్నడూ చాటించలేదు. చాటిస్తే రేపు తమ ఇళ్లకూ చుట్టాలు రారు. ముగ్గురూ గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

ఆ తర్వాత చేను తెల్లదనం తగ్గేదాకా వంతులు వేసుకున్నట్టు వచ్చిపోయారట. కొందరు కారప్పొడి, అటుకులు మూటగట్టుకుని వచ్చి అక్కడే వండుకు తిన్నారు. పక్కింటామె గోడమీంచి తొంగిచూసి, "మీ చెల్లెతోని మాట్లాడద్దన్నరు గని, మీతోని మాట్లాడద్దనలే గదా" అని వీళ్లతో ముచ్చట పెట్టడం మొదలుపెట్టిందట. ఇక అక్కకు చెప్పాల్సిన మాటలన్నీ గోడ ఇవతల చుట్టాలకు చెప్పడం, అక్క అక్కడే నిలబడి వినడం. వారానికల్లా బాసర వదిన కమిటీ పెద్దమనిషి భార్యతో కూడా పిన్నీ అని వరస కలిపేసిందని విన్నాను. ఒక పొద్దున పక్కింటామె మరచిపోయినట్టే నేరుగా వచ్చి, అక్కను చేట అడిగి తీసుకుపోయింది. జుర్మానా ఎవరూ అడగలేదు. వాళ్లు మూట కట్టలేదు.

నాకు అర్థం కానిది ఇక్కడే మొదలవుతుంది. పెద్దసారు నివేదిక రాయమన్నారు. కబురు ఎవరు పంపారని వదినను అడిగితే తమ్ముడు చెప్పాడంది, తమ్ముణ్ణి అడిగితే వారపు అంగడిలో ఎవరో అన్నారన్నాడు, ఆ ఎవరో మా అధ్యక్షుణ్ణి చూపించారు, ఆయనేమో మొహమాటంగా నవ్వి ఓడిపోయిన బావ వచ్చి తీసుకుపోయాడన్నాడు. అదే నా సంఘమా, నా సంఘాన్ని ఎగ్గొట్టి వెళ్లినవాళ్ల గుంపా? ఎన్నిసార్లు రాసినా ఆ నివేదిక కుదరలేదు. చివరికి సంఘం చురుగ్గా పనిచేసిందని ఒక్క వాక్యం రాసి ఇచ్చాను. అందరూ మెచ్చుకున్నారు, ఆ మెప్పే ఇప్పుడు ఈ అమ్మాయి దాకా పాకినట్టుంది.

ఇప్పుడు వాట్సాప్‌లో పూర్వ విద్యార్థుల గ్రూపుంది. పొద్దున లేస్తే పూలు, సూక్తులు, పుట్టినరోజు శుభాకాంక్షలు. కొత్తవాళ్లకు శిక్షణ చాలావరకు ఫోన్లోనే కనుక వరండా సాయంత్రాలు వాళ్లకు లేవు. పోయిన వారం అందులో ఒక చిన్నపిల్ల, కొత్తగా గెలిచిన వార్డు మెంబరు, తనతో ఊళ్లో మాట్లాడనివ్వడం లేదని, దుకాణంలో పాలు కూడా పోయలేదని రాసింది. దాని కింద దండం గుర్తులే గుర్తులు. మేడం, ధైర్యంగా ఉండండి అని వరసగా పడ్డాయి. ఎవరో ఒకరు బయలుదేరుతున్నానంటారని చూశాను. అంత పెద్ద గ్రూపులో ఎవరూ అనకపోతే నాకు అయోమయంగా ఉండి, గోదారవతలి అక్కకు ఫోన్ చేశాను. ముసలిదైంది, మోకాళ్ల నొప్పులు, ఆమెది బటన్ల ఫోనే, గ్రూపులో లేదు. ఫోన్లో ఒకటే హోరు. బస్సులో ఉన్నానంది. అంగడిలో ఎవరో చెప్పారట, ఆ పిల్ల ఊరికే పోతోందట. ఆ పిల్ల నీకు ఏమవుతుందమ్మా అని అడిగాను.

"ఇప్పటికైతె ఏం గాలే సార్. పోయినంక వరస కలుపుకుంట" అంది.

ఫోన్ పెట్టేసి గ్రూపు మళ్లీ తెరిచాను. ఊరూరికీ తారురోడ్డు పడింది, ఆడవాళ్లకు బస్సులో టిక్కెట్టు ఖర్చు లేదు, ప్రతి చేతిలో ఫోనుంది, మా కాలంలో వీటిలో సగం ఉంటే ఏం చేసేవాళ్లమో అనుకుంటాం కదా మనమంతా. ఆ పిల్ల రాసిన దాని కింద నేను కూడా దండం గుర్తే పెట్టాను, మేడం అనే రాశాను. ఆమెకు నేను పెదనాన్ననవుతానో తాతనవుతానో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.