ఆగిపోయిన బొమ్మను నమ్మినాను

మొన్న మా కోడలు పాప ఉయ్యాల పైన కెమెరా బిగించి, దాన్ని ఫోన్‌లో కలుపుకుని, "అత్తా, ఇక నువ్వు వంటింట్లోంచే పాపను చూసుకోవచ్చు" అని సంబరంగా చూపించింది. సరేనని తల ఊపినాను గానీ, ఆ తెర చూస్తుంటే నాకు తల వంచుకోవాలనిపించింది.

ఏడెనిమిదేళ్ల కిందటి మాట. అప్పుడు చిట్టమూరు పక్కన మాకు రెండు రొయ్యల గుంటలుండేవి. వాటిని చూసుకునేది మా ఆయన అక్క, నాకు వదిన, కాపురానికొచ్చిన కొత్తలో నాకు గంజి వార్చడం దగ్గర్నుంచి నేర్పిన మనిషి. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ చక్రాలు కాసేపు ఆగితే చాలు, రొయ్యంతా చచ్చి తేలుతుంది, అందుకని ఆమె పగలంతా కట్ట మీద పాకలోనే ఉండేది. కంప్యూటర్ చదువు చదివిన మా అమ్మాయి ఇంట్లోంచే గుంటను చూసేటట్టు ఒక ప్రోగ్రాము రాసింది. మొదట్లో అది కంప్యూటర్‌కి తీగతో తగిలించిన కెమెరాను తప్ప ఇంకోదాన్ని ఎరగదు, గుంట కాడి నెట్ కెమెరాను కూడా దానికి కలపాలని పిల్ల పది రోజులు తిండి మరిచి కూర్చుంది. చివరికి గుంట, పాక, వదిన అందరూ తెరమీదికొచ్చినారు. నన్ను దాని ముందర కూర్చోబెట్టి, తను పనుందని నెల్లూరు పోయింది. చదువు లేనిదాన్ని, కనిపించేదంతా అప్పుడే జరుగుతుందనుకున్నాను.

చూద్దును కదా, చక్రాలు కదలడం లేదు. వదినేమో పాక ముందర కాలు మడిచి కూర్చుని ఉంది, ఎంతసేపటికీ లేవదు. కట్ట దాకా పరుగెత్తితే, చక్రాలు నీళ్లు చిమ్ముకుంటూ తిరుగుతున్నాయి. నన్ను చూసి వదిన అప్పుడే మోటారు వేసిందనుకున్నాను. కూలోళ్లందరి ముందర, "తమ్ముడి గుంటే కదా, పోతే పోనీలే అని కూర్చున్నావా వదినా?" అనేసినాను. "కాల్లో ముల్లు దిగిందమ్మే, తీసుకున్నాను" అందామె. కుంటుతుండేది కళ్లారా చూసి కూడా వెనక్కి తిరిగి వచ్చేసినాను.

ఇంటికొస్తే, తెరమీద వదిన ఇంకా అట్లాగే కూర్చుని ఉంది. ఇప్పుడే కదా ఆమెను కట్ట మీద నిలబెట్టి వచ్చింది! నెట్ తెగి బొమ్మ ఆగిపోయిందని అప్పుడు తెలిసింది నాకు. ఆగిన బొమ్మలో చక్రాలెట్లా తిరుగుతాయి?

సాయంత్రం అమ్మాయి వచ్చి, బొమ్మ మూలలో గడియారం పెట్టి, ఆగిపోతే తెర ఎర్రబడేటట్టు చేసింది. ఆ సంగతి నవ్వుతూ మేనత్తకు చెప్తే, "బొమ్మదేముందిలే తల్లీ, దానికి నేనెవరో తెలియదు కదా" అందామె. నేను పక్కనే ఉన్నాను. తప్పయిందనే మాట గొంతు దాకా వచ్చింది, ఈ రోజుకీ అక్కడే ఉంది.

ఇప్పుడు బొమ్మలు తేటగా వస్తున్నాయి, ఆగేదీ తక్కువే. వదినా వస్తుంది, రాకేం. అప్పట్లో పెరటి తలుపు తోసుకుని నేరుగా వంటింట్లోకొచ్చి, మూత తీసి పులుసు రుచి చూసి, ఉప్పు ఎక్కువేసినావని నాలుగు తిట్టి మరీ పోయేది. ఇప్పుడు వీధి గుమ్మంలో నిలబడి పిలుస్తుంది. రమ్మంటే వస్తుంది, కుర్చీలో కూర్చుంటుంది, కాఫీ ఎట్లా ఉన్నా బాగుందంటుంది.