నీళ్లు కావాలి, దెబ్బ వద్దు

పొద్దున నా దుకాణం షట్టర్ ఎత్తగానే తడి స్పాంజి వాసన ముక్కుకు తగులుతుంది. వచ్చేవాళ్లకు అది కంపు. నాకు మాత్రం సత్తెమ్మ పెద్దమ్మ గుర్తొస్తుంది. సుచిత్ర చౌరస్తా దాటాక మేడ్చల్ రోడ్డు మీద ఆమెకు రంగుచేపల దుకాణం ఉండేది. డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం అక్కడే. శామీర్‌పేటలో వాళ్ల పొలాలన్నీ ప్లాట్లయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, కొడుకులు నవ్వుతున్నా వినకుండా పెట్టిన దుకాణం అది. చేతినిండా గాజులు, నోటినిండా మాట. తనకు తెలిసింది నలుగురి చెవినా వేసేదాకా ఆమెకు నిద్ర పట్టదు. నేనేమో ఎవరేమన్నా సరేననే పిల్లను. మా ఇంట్లో ఆడపిల్ల నోట 'వద్దు' అన్న మాట వస్తే అది పొగరు కింద లెక్క. అందుకే దుకాణానికి వచ్చినవాళ్లు ఏది అడిగితే అది తీసి చేతిలో పెట్టేదాన్ని. "గిట్లయితే నాకు నువ్వెందుకు బిడ్డా? సామానంతా బల్లమీద పరిస్తే వాళ్లే ఎత్తుకపోతరు" అంది పెద్దమ్మ కొత్తలోనే. కొలువు ఊడుతుందేమోనని భయం పట్టుకుంది. అప్పట్లో మా ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది.

మా వైపు మనుషులకు ఒక జబ్బుంది. బోరు వేయించిన ప్రతివాడికీ పక్కవాడికంటే పెద్ద మోటారు కావాలి. పొలాలు పోయాయి కానీ ఆ బుద్ధి పోలేదు. ఇంట్లో టీవీ పక్కన పెట్టుకునే చిన్న తొట్టి కొనడానికి వచ్చినా "ఉన్నదాంట్ల పెద్ద మోటర్ ఇయ్యమ్మా" అనేవాళ్లు. ఫిల్టర్ కూడా వాళ్ల లెక్కలో మోటారే. పెద్దమ్మ ముందే ఫిల్టర్ డబ్బా తీసేది కాదు. "తొట్టి ఎంత? అండ్ల ఏం చేపలు?" అని మొదలుపెట్టేది. ఆమె సూత్రం తేలిక. తొట్టిలో ఎన్ని నీళ్లు పడతాయో, అన్ని నీళ్లూ గంటలో నాలుగైదు సార్లు ఫిల్టర్ గుండా తిరిగి రావాలి. అంతకంటే తక్కువైతే నీళ్లు మసకబారి వాసన వేస్తాయి, ఎక్కువైతే చేపకు నిలకడ ఉండదు. గోల్డ్‌ఫిష్ మురికి ఎక్కువ చేస్తుంది కనుక దానికి కాస్త పెద్దది, పొడుగు రెక్కల ఫైటర్ చేపకు మెల్లగా నడిచేది. అంతటితో ఆగితే ఆమె సత్తెమ్మ ఎందుకవుతుంది!

"డబ్బా మీద రాసింది సగమే బిడ్డా. తక్కింది చేపనే జెప్తది. ఎంత ఈదినా ఉన్న జాగలనే ఉన్నదా, మూలకు వొయ్యి దాసుకున్నదా, జోరు ఎక్కువైనట్టే." ఒకసారి నన్ను నిలబెట్టి అడిగింది. "నారుమడికి బోరు నీళ్లు ఇడిసేటప్పుడు ఏం జేస్తరో ఎరుకేనా?" నాకు తెలియదన్నాను. "పైపు మూతికాడ గడ్డికట్ట పెడ్తం. లేకుంటే మొలకలన్ని కొట్టుకపోతయి. నీళ్లు కావాలె, దెబ్బ వద్దు." అంటూనే ఫిల్టర్ మూతికి స్పాంజి ముక్క తొడిగి చూపించింది. నీళ్ల ధార అక్కడికక్కడే మెత్తబడింది.

కొన్నాళ్లకు ఆమె మరిది నర్సిరెడ్డి వచ్చాడు. ప్లాట్ల వ్యాపారం, ఊళ్లో రాజకీయం, వెనక ఇద్దరు మనుషులు. మనవరాలి ఫైటర్ చేప మేత ముట్టడం లేదట. "ఉన్నదాంట్ల పెద్ద మోటరే పెట్టిన. అయినా మూలకు వడి ఉంటాంది. దానికంటే పెద్దది ఉంటే తియ్యి." నా చెయ్యి అలవాటు కొద్దీ డబ్బా మీదికి వెళ్లింది. పెద్దమ్మ వైపు చూశాను. ఆమె చాయ్ ఊదుకుంటూ కూర్చుంది. ఇవాళ సరేనంటే ఆ చేప చస్తుంది, కాదంటే నా కొలువు పోతుంది అనుకున్నాను.

"వద్దు సార్" అన్నాను. "ఉన్నదే జోరెక్కువ. చేప ఈదలేక అలిసిపోతాంది. చిన్నది పెట్టుండ్రి."

"ఎవరు గీ పిల్ల, వదినే?" అన్నాడాయన, నన్ను పైనుంచి కిందికి చూస్తూ.

పెద్దమ్మ కప్పు కింద పెట్టింది. "నా దుకాణంల ఫిల్టర్ మాట ఆమెదే. ఇను."

ఆయన మొహం గంటు పెట్టుకునే చిన్న ఫిల్టర్ పట్టుకెళ్లాడు. వారం తిరక్కుండానే ఆయన మనవరాలు పెద్దమ్మ ఫోనుకు వీడియో పంపింది. చేప తొట్టంతా తిరుగుతోంది. ఆ తర్వాత ఆయన తెలిసినవాళ్లను మా దగ్గరికే పంపాడు. నాకు ఆ వీడియో వచ్చిన రోజు అన్నం భలే రుచిగా ఉంది.

తర్వాత పెద్దమ్మ మోకాళ్లు సహకరించక దుకాణం తీసేసింది. నేను మేడ్చల్‌లో సొంతంగా పెట్టుకున్నాను. ఒకరోజు మనవడి కారులో ఆమే వచ్చింది. చెవులు మందగించాయి. వాళ్లింట్లో ఒక్క ఫైటర్ ఉన్న చిన్న తొట్టి ఉంది. "అన్నిట్ల పెద్ద ఫిల్టర్ తియ్యి బిడ్డా. నీళ్ల సప్పుడు ఇనవడ్తలేదు. బోరు నీళ్ల లెక్క దబదబ పడాలె" అంది. ఇది నన్ను పరీక్షించడం కాదు, నిజంగానే అడుగుతోంది. పొలం లేని ఇంట్లో ఆ చప్పుడు మీద ఆమెకు ఎంత బెంగో నాకు అర్థమైంది. నాకు అన్నం పెట్టిన మనిషి. ఇచ్చేద్దామనిపించింది.

"వద్దు పెద్దమ్మా."

"నా తొట్టి, నా ఇష్టం."

"తొట్టి నీదే. పానం చేపది."

ఆమె కళ్లు చిన్నవి చేసి నన్నే చూసింది. "ఎవరు నేర్పిన్రే నీకు గిట్ల మాట్లాడుడు?"

"ఇంకెవరు, నువ్వే."

దుకాణంలో ఉన్నవాళ్లంతా తిరిగి చూసేటట్టు నవ్వింది. చిన్న ఫిల్టరే తీసుకుంది. వెళ్తూ వెళ్తూ, తనకు వినబడనట్టే ఎదుటివాళ్లకూ వినబడదనుకుందేమో, కారు దగ్గర మనవడితో గట్టిగా అంది: "నన్నే వద్దన్నది సూడురా, మా పిల్ల."

ఆమె ఇప్పుడు లేదు. ఇంట్లోనో దుకాణంలోనో ఎవరికైనా కాదని చెప్పాల్సి వచ్చినప్పుడు నా నోటికి ఇప్పటికీ ముందు 'సరే' అనే వస్తుంది. అప్పుడు ఆ "మా పిల్ల" అన్న మాట చెవిలో పడుతుంది. ఇక వెనక్కి తగ్గను.