గాలి కారు, మూడో బాటిలు

1991 జూన్‌లో నేను తెనాలి యూనిట్ కార్యాలయంలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా చేరాను. జనం మమ్మల్ని ఆ పేరుతో పిలవరు, బ్రేకు ఇన్‌స్పెక్టరు అంటారు. వాహనం రోడ్డెక్కడానికి యోగ్యంగా ఉందో లేదో చూసి, ఫారం నింపి, సంతకం చేయడం మా పని. భౌతికశాస్త్రంలో డిగ్రీ చేసి, ఆపైన ఆటోమొబైల్ ఇంజనీరింగు చదివి ఈ ఉద్యోగంలోకి వచ్చినవాణ్ణి. ఎవరైనా ఒక అంకె చెబితే, దాన్ని ఎలా కొలిచారని అడగడం నాకు అలవాటు.

మరుసటి వేసవిలో అంగలకుదురులో ఒక కారును పరీక్షించాను. అది నొక్కిపట్టిన గాలితో నడిచేది. దాని గురించి ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు కనుక, నాకు ఖాయంగా తెలిసినదాన్నీ కేవలం విన్నదాన్నీ ముందే వేరుచేసి చెబుతాను. అది ఒక్కసారి గాలి నింపితే తెనాలి నుంచి బాపట్ల వరకు వెళ్ళిందని విన్నాను. అలా వెళ్ళడం చూశామన్న ఇద్దరిని విడివిడిగా ప్రశ్నిస్తే, ఇద్దరూ మూడోవాడు చూశాడన్నారు. అది నీళ్ళతో నడిచేదని విన్నాను. సీటు కింద పెట్రోలు ఇంజను దాచారనీ విన్నాను. ఈ మూడూ నిజం కావు. నా ఎదుట నిండిన గాలితో, నాతో కలిపి ముగ్గురు మనుషులతో అది రెండు కిలోమీటర్ల తొమ్మిది వందల మీటర్లు నడిచింది. ఇది ఖాయం.

కారు తయారుచేసినాయన పేరు జకరయ్య. ముప్పై ఏళ్ళు రైసు మిల్లుల్లో ఆయిలింజన్ల మేస్త్రీగా పనిచేశారు. పెద్ద ఆయిలింజనును చేత్తో తిప్పి స్టార్టు చేయడం సాధ్యం కాదు. పక్కనే ఒక ఉక్కు బాటిల్లో గాలిని బాగా నొక్కి ఉంచి, వాల్వు తెరిచి ఒక్కసారిగా సిలిండరులోకి వదిలితే, ఆ తోపుకు ఇంజను తిరిగి అందుకుంటుంది. నూనె అందుకోకముందు ఆ నాలుగైదు చుట్లూ ఇంజను గాలితోనే తిరుగుతున్నట్టు కదా అని ఆయనకు అనిపించిందట. మిల్లులు కరెంటు మోటార్లకు మారాక మూలపడ్డ బాటిళ్ళు మూడు సంపాదించారు. పాత కంప్రెసరు ఒకదానికి వాల్వులు మార్చి, గాలిని నొక్కే యంత్రాన్ని నొక్కిన గాలితో తిరిగే యంత్రంగా చేశారు. ఎవరో తుక్కుకు వేసిన కారు చట్రం మీద దాన్ని బిగించారు.

ఈ సంగతి నా బల్ల మీదికి ఒక ఉత్తరం ద్వారా వచ్చింది. రేపల్లెలోని ఒక మిషన్ ఆసుపత్రివారు, వార్డు నుంచి ఆపరేషను గదికి రోగులను తీసుకువెళ్ళడానికి పొగా చప్పుడూ లేని ఈ కారును ఆవరణలో వాడుకోదలచి, మా శాఖ అభిప్రాయం కోరారు. ప్రాంతీయ రవాణా అధికారి, అంటే మా పై అధికారి, ఆ ఉత్తరం అంచున రెండు వాక్యాలు రాసి నాకు పంపారు: మోసమైతే కేసు పెట్టండి, కాకపోతే రోగులను ఎక్కించవచ్చో లేదో తేల్చండి. జకరయ్యగారికి అప్పటికి అరవై దాటింది. కారులో రోగి ఎక్కుతాడా, కారు తిరిగి తుక్కుకే పోతుందా అన్నది నా నివేదిక మీద ఆధారపడి ఉంది.

మే నెలలో ఒక ఉదయం వెళ్ళాను. నేల రేకులు విప్పించి చూశాను. ఇంజను లేదు, పెట్రోలు ట్యాంకు లేదు, బ్యాటరీ లేదు. బాటిళ్ళలోని గాలంతా వదిలేయించి, ఇప్పుడు నడపండి అన్నాను. కదల్లేదు. ఆ తరువాతే నా ఎదుట గాలి నింపమన్నాను. చదరపు సెంటీమీటరుకు ఇరవై కిలోల ఒత్తిడి రావడానికి గంట పైగా పట్టింది. ఈలోగా కాలువ పక్కన టీ కొట్టు దగ్గర పదిమంది చేరారు.

"ఏంటి మేస్త్రీ, దారిలో ఆగిపోతే సైకిలు పంపు తెచ్చేదా?" అని ఒకడు అరిచాడు.

జకరయ్యగారు కంప్రెసరు చూసుకుంటున్నారు. వెనక సీటులో కూర్చున్న ఆయన భార్య మార్తమ్మగారు జవాబిచ్చారు. "తేరా నాయనా. బాపట్ల దాకా నువ్వే కొడుదువుగాని."

మార్తమ్మగారు ఆ ఊరి బడిలో పంతులమ్మ. ప్రతి పరుగులోనూ వెనక సీటులో కూర్చునేది ఆమే. చేతిలో బడి ఆటలపోటీల స్టాప్‌వాచీ, ఒళ్ళో నోటుబుక్కు. అప్పటికి అరవైరెండు పరుగులు నమోదయ్యాయి. తేదీ, గాలి ఒత్తిడి, ఎండ, రోడ్డు తడిగా ఉందా పొడిగా ఉందా, ఎంత దూరం, ఎంతసేపు, ఎందుకు ఆగింది. విఫలమైన పరుగులు ఎర్ర సిరాతో ఉన్నాయి. ఎర్రవే ఎక్కువ. అత్యధిక దూరం మూడు కిలోమీటర్ల రెండు వందలు అని రాసి, పక్కన "ఎదురుగాలి లేదు, లెక్కలోకి తీసుకోకూడదు" అని తనే రాసుకున్నారు. బాపట్ల ప్రయాణం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. మోసగాడు తన ఓటములను ఇంత శ్రద్ధగా రాసిపెట్టుకోడు. నేను పట్టుకోవడానికి వచ్చిన అబద్ధం వీళ్ళది కాదని అప్పుడే తెలిసింది.

"సీటులో ఎప్పుడూ మీరే ఎందుకండీ?" అని అడిగాను.

"బరువు మారకూడదు కదండీ. క్రిస్మసు తరవాత మళ్ళీ తూకం వేయించుకుని రాశాను, చూడండి. రెండు కిలోలు పెరిగాను. ఆ నెల దూరం తగ్గింది, ఈయన నన్నే అన్నారు."

"ఉన్నమాటే అన్నాను," అన్నారు జకరయ్యగారు వాల్వు బిగిస్తూ.

నేను ఫారం నింపడం మొదలుపెట్టాను. యంత్రం పక్కన ఒక రేకు తొట్టి, అందులో నీళ్ళు, నీళ్ళలో మునిగి ఒక రాగి గొట్టం చుట్ట కనిపించాయి. 'శీతలీకరణ' అన్న గడిలో 'నీరు' అని రాశాను. జకరయ్యగారు నా భుజం మీదుగా చూసి, కొంచెం మొహమాటంగా అన్నారు: "అది చల్లార్చడానికి కాదండి సార్. వేడెక్కించడానికి."

నాకు వెంటనే తట్టలేదు. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కారు నడిపి చూపించారు. చప్పుడు అంటే మెత్తటి నిశ్వాసం లాంటిది, అంతే. క్లచ్చు లేదు. ఆగి ఉన్న కారు ఏ కుదుపూ లేకుండా కదిలింది. నేను పరీక్షించిన వేల వాహనాల్లో అంత నెమ్మదిగా బయలుదేరినది మరొకటి లేదు. కిలోమీటరు దాటాక ఆపి, నన్ను దించి చూపిస్తే, గాలి బయటికి పోయే గొట్టం మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. మే నెల, తెనాలి పక్కన. టీ కొట్టు నుంచి వెంట వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే దాన్ని ముట్టుకుని వేళ్ళు చూసుకున్నారు.

నొక్కిన గాలి వ్యాకోచించేటప్పుడు చల్లబడుతుంది. ఇది నేను డిగ్రీలో పరీక్ష రాసిన సంగతే. గాలిలోని తేమ గడ్డకట్టి దారి మూసేస్తే యంత్రం ఆగుతుంది. తొలి ఇరవై ఎర్ర పరుగులకూ కారణం అదే. జకరయ్యగారు గాలిని యంత్రంలోకి పంపేముందు కాలువ నీళ్ళలో మునిగిన చుట్టలోంచి పంపారు. అంత చల్లటి యంత్రానికి కాలువ నీళ్ళే పొయ్యి. లోకంలోని కార్లన్నిటికీ నీళ్ళు పోసేది చల్లబరచడానికైతే, ఈ కారుకు పోసేది కాచడానికి. తొట్టి పెట్టాక దూరం సుమారు రెట్టింపైంది. సూత్రం నాకు తెలుసు, ఆయనకు తెలియదు. కానీ దాన్ని కనిపెట్టి వాడుకున్నది ఆయన, గడిలో తప్పు రాసింది నేను.

ఆ తప్పే నన్ను ఆగి ఆలోచించేలా చేసింది. ఎందుకు అలా రాశాను? ఫారంలో శీతలీకరణ అనే గడి ఉంది కనుక, నీళ్ళు కనిపించాయి కనుక. పెట్రోలు, డీజిలు బళ్ళను చూసినవాళ్ళు తయారుచేసిన ఫారం అది. మరి అది అసలు అడగనివి ఏమున్నాయి? బ్రేకులు, స్టీరింగు, దీపాలు, హారను, అన్నిటికీ గడులున్నాయి. బాటిళ్ళకు లేదు. మూడు బాటిళ్ళూ సీటుల కింద పడుకోబెట్టి ఉన్నాయి.

నీటి పరీక్ష చేయించాలని చెప్పాను. బాటిలును పూర్తిగా నీటితో నింపి, చేతి పంపుతో వాడుక ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు, అంటే ముప్పై కిలోల వరకు ఎక్కించడం. నీరు ఎంత నొక్కినా దాదాపు కుంచించుకోదు. అందువల్ల బాటిలు తెగినా ఒత్తిడి వెంటనే పడిపోతుంది, ఏదీ ఎగిరిపడదు. గాలి అలా కాదు, బిగించిన స్ప్రింగు లాంటిది.

జకరయ్యగారు మొదటిసారి నొచ్చుకున్నారు. "నా చేతుల్లో పెరిగిన బాటిళ్ళు సార్ ఇవి. రోజూ పొద్దున్నే కాకు, అదే చిన్న కుళాయి, తిప్పి గాలి తేమకు లోపల చేరిన నీరు వదులుతాను. ఒక్కరోజు తప్పలేదు. మీ ఫారంలో లేనిది మీరెందుకు అడుగుతున్నారు?"

న్యాయమైన ప్రశ్న. నిజానికి బాటిళ్ళ పరీక్ష మా శాఖ పరిధిలోది కాదు. లేదండి, ఇది లేకుండా నేను సంతకం పెట్టలేను అని మాత్రం చెప్పాను. ఆయన భార్య వైపు చూశారు. "అరవైమూడు రాశాం, అరవైనాలుగు కూడా రాద్దాం," అన్నారామె.

వారం తరువాత మూడు బాటిళ్ళనూ బాపట్ల తీసుకువెళ్ళాం. అక్కడి ఒక ఇంజనీరింగు కళాశాల ప్రయోగశాలలో చేతి పంపు ఉంది, అది చూసే లెక్చరరు నాకు తెలిసినవాడు. మొదటి బాటిలు ముప్పై కిలోల దగ్గర అరగంట నిలిచింది. రెండోది కూడా. జకరయ్యగారు మూడోదాన్ని తనే పంపు దగ్గరికి దొర్లించారు. దానికి ఒత్తిడి ఎక్కిస్తుంటే మీటరు ముల్లు ఇరవై నాలుగు దగ్గర ఒక్క క్షణం ఆగి, జారిపోయింది. కింది అతుకు పక్కన జానెడు పొడవున చీలి, నీరు పలుచటి రేకులా బయటికి వచ్చింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు.

బాటిలును కోయించి చూశాం. లోపల ఒకే వైపున, పొడవునా తుప్పు తినేసి ఉంది. కారణం జకరయ్యగారే ముందు చెప్పారు. మిల్లులో బాటిలు నిలబడి ఉంటుంది. నీరు వదిలే కాకు అన్నిటికంటే అడుగున ఉంటుంది. కారులో పడుకోబెట్టేసరికి కాకు పక్కకు వచ్చింది. ఆయన రోజూ తిప్పారు, రోజూ కొంత నీరు వచ్చింది, కాకు మట్టానికి దిగువన ఉన్నది మాత్రం లోపలే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళ మంచి అలవాటు ఒక్కరోజు కూడా తప్పలేదు. బాటిలు పడుకుంది, అలవాటు నిలబడే ఉంది.

"ఇది ఎక్కడ ఉండేదండీ?" అని అడిగారు మార్తమ్మగారు.

"వెనక సీటు కింద," అన్నారాయన చీలికలో వేలు పెట్టి.

"అంటే నా కిందే."

ఆయన వేలు తీయలేదు. ఆమె సంచిలోంచి నోటుబుక్కూ ఎర్ర పెన్నూ తీసి, ముల్లు ఎంత దగ్గర ఆగిందో నన్ను మరోసారి అడిగి రాసుకున్నారు: "64. పరుగు లేదు. మూడో బాటిలు ఇరవై నాలుగు దగ్గర తెగింది. కారణం మా పొరపాటే."

నా నివేదికలో మోసం లేదని రాశాను. రోడ్డు మీద నడపాలంటే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థ దాన్ని నమూనా వాహనంగా పరీక్షించాలి, ఆ అధికారం నాకు లేదు. ఆవరణ లోపల మాత్రం, కొత్త బాటిళ్ళు పెట్టి, కాకు అడుగుకు వచ్చేలా బిగించి, ఏటేటా నీటి పరీక్ష చేయిస్తే వాడుకోవచ్చని రాశాను. ఆసుపత్రివారు అలాగే చేశారు. రేపల్లెలో ఆ కారు సుమారు మూడేళ్ళు రోగులను మోసింది. ఆపరేషనుకు వెళ్ళేవాళ్ళు అందులో కుదుపు తెలియకుండా వెళ్ళేవారని అక్కడి నర్సులు చెప్పారు. ఇది విన్నదే అయినా, నేను ఎక్కి చూశాను గనుక నమ్ముతాను.

కారు పరిమితులూ చెప్పాలి. మూడు బాటిళ్ళ గాలిలో ఉన్న శక్తి నలభై మిల్లీలీటర్ల పెట్రోలులో ఉన్నంత కూడా కాదు. గంట సేపు కంప్రెసరు నడిపితే మూడు కిలోమీటర్లు. అదే కరెంటుతో బ్యాటరీ బండి ఇంకా చాలా దూరం పోతుంది. ఈ మాట జకరయ్యగారితో అన్నాను. "పోతుందండి. కానీ నాకు బ్యాటరీ రాదు, గాలి వచ్చు," అన్నారు. దూరాలకు గాలి కారు పనికిరాదన్న నా లెక్క అప్పుడూ ఇప్పుడూ మారలేదు. పొగ పనికిరాని చోట, ఆసుపత్రి ఆవరణలోని నాలుగు వందల మీటర్ల దారికి, అది పూర్తిగా సరిపోయింది. ఆ రెండూ ఒకేసారి నిజం.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇది: కొత్త యంత్రంలో ప్రమాదం ఫారంలోని గడుల్లో ఉండదు, గడి లేనిచోట ఉంటుంది. పాత పనిలో తప్పని అలవాటు, కొత్త అమరికలో తప్పుగా మారిందేమో విడిగా చూసుకోవాలి. ఆ తరువాత పదవీ విరమణ వరకు ప్రతి ఫారం నింపాక, ఇందులో అడగనిదేమిటి అని కాగితం వెనక ఒక పంక్తి రాసుకునేవాణ్ణి.

ఒక ప్రశ్న మిగిలింది. ఇరవై కిలోల గాలితో అరవైమూడు సార్లు నిలిచిన ఆ మూడో బాటిలు ఇంకెన్నిసార్లు నిలిచేది? తుప్పు మందం కొలిచాను, లెక్క వేశాను. ఒక్కసారి అనీ వచ్చింది, రెండు వందల సార్లు అనీ వచ్చింది. కచ్చితమైన జవాబు ఇవ్వగల ప్రయోగం ఒక్కటే ఉంది: ఆ బాటిలు పగిలేదాకా కారు నడుపుతూ పోవడం. ఆ ప్రయోగంలో బరువు మారకుండా వెనక సీటులో కూర్చునేది మార్తమ్మగారు. బాపట్లలో మేము చేసినది, దాన్ని జరగకుండా ఆపడమే.