అరటి మొదట్లో పారబోసిన పాలు

మొన్న గుడివాడలో ఓ ఆయుర్వేదం కొట్టు ముందునుంచి వెళ్తుంటే లోపల ఎవరో బాలింత కోసం కాయం కట్టించుకుంటున్నారు; శొంఠి, మిరియాలు, బెల్లం కలగలిసిన ఆ ఘాటు ముక్కుకి తగలగానే నాకు మొవ్వలోని అమ్మమ్మగారిల్లు, తొమ్మిదేళ్ల వయసులో అక్కడ గడిపిన దసరా సెలవులు గుర్తొచ్చాయి.

అప్పుడే మా పిన్ని తొలికాన్పుకి పుట్టింటికొచ్చి మగపిల్లాణ్ణి కంది. పురిటిగది కిటికీకి గోనెపట్టా, మంచం కింద కుంపటి, సాంబ్రాణి పొగ, పూటపూటా వెల్లుల్లి కారమూ నెయ్యీ కలిపిన అన్నం. ఇంట్లో అమ్మమ్మ మాటకి తిరుగులేదు. తొలి మూడు రోజులూ తల్లి దగ్గర పచ్చగా, చిక్కగా వచ్చే ముర్రుపాలు బిడ్డకి పడవని ఆవిడ నమ్మకం. అందుకని పంచదార నీళ్లలో దూదివత్తి ముంచి బుజ్జిగాడి నోట్లో పెట్టేది. పిన్నికి రొమ్ములు గడ్డకట్టి ముట్టుకుంటే ప్రాణం పోయేది. పిండిన పాలు ఎవరూ తొక్కని చోట, బావి పక్కన అరటి మొదట్లో పోసి రావడం నా పని. ఏదో పెద్దరికం అప్పజెప్పారని తెగ పొంగిపోయేదాన్ని, అంత తెలివి నాది.

రెండో రోజున మా గేదె ఈనింది. అమ్మమ్మ చెంబు ముట్టకుండా ముందు దూడని పొదుగు దగ్గరికి తోసింది.

"ముర్రుపాలు కడుపులో పడితేనే గదే దూడ నిలబడేది!" అంది.

మిగిలినవాటితో జున్ను వండింది. నేను తింటూ, "మరి మన బుజ్జిగాడివి చెట్టుకెందుకు పోయిస్తున్నావ్ అమ్మమ్మా?" అన్నాను.

"గేదెకీ మనిషికీ పోలికేంటే, నోరుముయ్!" అని నెత్తిన ఒక్కటిచ్చింది.

మూడో రోజు పొద్దున బుజ్జిగాడు ఏడవడం మానేశాడు. వత్తి పెట్టినా పెదవి కదపలేదు. మావయ్య డాక్టరుగారి కోసం పరిగెత్తాడు. తల్లి ముందు ఏనాడూ గొంతెత్తని పిన్ని వాణ్ణి ఒళ్లోకి లాక్కుని, "నువ్వేమన్నా అనుకోమ్మా, నేను పాలిస్తున్నాను" అంది. వాడికి పట్టుకునే ఓపిక లేదు. చుక్క చుక్క పెదాల మీద పిండింది. చాలాసేపటికి నాలిక కదిలింది, తర్వాత గుటక వినబడింది. నాకు ఏడుపొచ్చేసింది.

అమ్మమ్మ అరవలేదు. గోడకి చేరగిలబడి కూర్చుని మెల్లిగా అంది: "నాకు దక్కని ఇద్దరూ ఇంతేనే. మూడో రోజుకి ఏడుపు ఆపేశారు. బుద్ధిగా పడుకున్నారనుకున్నాను."

డాక్టరుగారొచ్చి చూశాక బుజ్జిగాడు గట్టెక్కాడు. ఇప్పుడు ఆ గదీ లేదు, కుంపటీ లేదు. ఆసుపత్రుల్లో పుట్టిన గంటలోపే బిడ్డని తల్లి రొమ్ముకి ఆనిస్తున్నారు. ఆ మూడు రోజుల ఆచారం పోయినందుకు నాకు ఏ బెంగా లేదు. అమ్మమ్మ మీద మాత్రం కోపం రాదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఊళ్లో ఎవరికి కాన్పయినా పిలవకుండానే వెళ్లేది, "బిడ్డకి పాలిచ్చావా అమ్మా?" అని అడిగేది, ఇచ్చేదాకా అక్కణ్ణించి కదిలేది కాదు. ఎందుకలా చేస్తుందో ఎవరికీ చెప్పలేదు. చాదస్తం అనుకుని నవ్వుకునేవారు.